శిశువైద్యశాలయు వేలిముద్రయు

"ఆ పెద్దాసుపత్రికి బిడ్డను తీసికొనిపోవలదు, అచ్చట పిల్లలమీద ప్రయోగములు చేయుదురు" అను మాట మన నెల్లూరిసీమలో వినబడని యిల్లు లేదు. చదువురాని ముదుసళ్లు మాత్రమే యిట్లనుచున్నారని తలపవలదు. పట్టపరీక్షలలో కృతార్థులైనవారును, ఉదయమున దినపత్రిక చేతికి రానిది కాఫీ త్రాగజాలనివారును, స్త్రీవిద్యను గుఱించి సభలలో ఉపన్యసించువారును ఈ మాటనే కొంచెము మెఱుగుపెట్టి పలుకుచున్నారు. "పరిశోధనములు జరుగవలసినవే, కాని మన పిల్లవానితో నేల?" అనునది వారి వాదము. ఇరువదియేండ్లకు పైగా బడిపిల్లలతోడిదే నా బ్రతుకు. బిడ్డకు జబ్బుచేసినప్పుడు తీరమందలి పాలెములనుండి తల్లిదండ్రులు వైద్యునికంటె ముందుగా బడి అయ్యవారిని వెదకికొని వచ్చుట మావైపున వాడుక. అందుచేత ఈ వాదమును గుఱించి చెప్పుటకు నాకు కొంత యధికారము కలదనుకొనుచున్నాను. నాపై కొంత నేరమును గలదు. రెంటిని దాపఱికము లేక చెప్పెదను.

ముందుగా, ప్రయోగమన్న భయపడువారి యింటిలోనే జరుగు ప్రయోగమును జూడుడు. తండ్రికి వచ్చిన జ్వరమునకు వైద్యు డిచ్చిన మాత్రలు నాలుగు మిగిలియుండును. కొడుకునకు ఒడలు వెచ్చబడగానే తల్లి అందొకదానిని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను తేనెలో నూఱి పట్టును. రెండవనాటికి తగ్గకున్న ప్రక్కయింటి పిల్లకు వాడగా మిగిలిన సీసామందు వచ్చును. మూడవనాడు మందులకొట్టువాడు తన తెలివికి దోచిన దిచ్చును. ఇది ప్రయోగము కాదా? ఎంత మందు లోపలికి పోయినదో వ్రాసినవా రెవరు? బిడ్డ కోలుకొనినది ఆ మందువలననో, ఆ మందును సహించుకొనుటవలననో చూచినవా రెవరు? వైద్యశాలలో జరుగు పరిశోధనమునకు ఒక లెక్కయు, ఒక వ్రాతయు, తప్పు జరిగినచో నిలదీయుటకు ఒక సంఘమును ఉండవలయును. మన వంటింటి పరిశోధనమునకు ఇవి యేవియు లేవు. దానికి మాత్రము మన మెన్నడును వెఱవలేదు.

పిల్లవా డనగా చిన్న కొలతకు కుట్టిన పెద్దవాడు కాడు. ఈ సంగతిని వైద్యులే బహుకాలము ఎఱుగకుండిరి. పెద్దవాని మోతాదును తూకముబట్టి భాగించినచో పిల్లవాని మోతాదు వచ్చునని నమ్మియుండిరి. క్లోరాంఫెనికాల్ అను మందు 1949లో అంగళ్లకు వచ్చి టైఫాయిడు జ్వరమునకు సంజీవి యనిపించుకొన్నది. నెలలు నిండక పుట్టిన శిశువులకు అంటురోగములు తగులకుండ దానినే ముందుజాగ్రత్తగా ఇచ్చుట పలు ఆస్పత్రులలో అలవాటయ్యెను. ఆ శిశువులలో కొందఱు కడుపుబ్బి, ఒడలు బూడిదరంగునకు దిరిగి, చనిపోవుచుండిరి. నెలతక్కువ బిడ్డలు గదా, బ్రతుకరైరి, అని యూరకుండిరి. 1959లో లాస్ ఏంజెలిసు నగరపు వైద్యులు శిశువులను గుంపులుగా జేసి, ఒక గుంపునకు ఆ మందిచ్చి, ఒక గుంపునకు మానిపి, లెక్కవేసి చూచిరి. మందు పొందని గుంపులో నూటికి సుమారు 20 మంది చనిపోగా, పొందిన గుంపులో సుమారు 60 మంది చనిపోయిరి! పసికందు కాలేయమునకు ఆ మందును విఱిచి బయటికి పంపు శక్తి యింకను రాలేదు. అది నెత్తుటిలో పేరుకొని విషమయ్యెను. ఆ లెక్కను వేయకయే యుండిన, మంచి మనస్సుగల వైద్యు లెందఱు ఇంకను ఎన్నియేండ్లు ఆ విషమును అమృతమని పోయుచుండెడివారో!

ప్రాణవాయువు కథ యింకను విచిత్రము. పేరులోనే ప్రాణమున్న వస్తువు బిడ్డకు చెఱుపు చేయునని ఎవ రనుకొందురు? 1940 ప్రాంతమునుండి నెలలు నిండని శిశువులను అద్దపు పెట్టెలలో నుంచి ధారాళముగా ప్రాణవాయువు నిచ్చుచుండిరి. 1942లో బోస్టను నగరమున టెర్రీ యను నేత్రవైద్యుడు ఇట్టి శిశువులలో ఒక క్రొత్త గ్రుడ్డితనమును గనిపెట్టి ప్రకటించెను. పదిపండ్రెండేండ్లలో సుమారు 10,000 మంది పిల్లలు కన్నులు గోల్పోయిరి. వారిలో పెక్కండ్రు ధనముగల దేశములలో, మంచి యాస్పత్రులలో పుట్టినవారు. వాషింగ్టనులో పాట్జ్ అను యువవైద్యుడు కొందఱు శిశువులకు వాయువును తగ్గించి, కొందఱికి ఎప్పటివలె నిచ్చి, తేడాను చూడబూనెను. అచ్చటి దాదులు రాత్రివేళ రహస్యముగా వచ్చి, తక్కువ పొందుచున్న శిశువుల పెట్టెలలో వాయువును హెచ్చించి పోవుచుండిరట. అయ్యో, పసిబిడ్డకు ఊపిరి తక్కువ చేయుదురా, అని వారి జాలి. ఆ జాలియే కన్నులు తీయుచుండెను. 1953-54లో అమెరికాలోని 18 ఆస్పత్రులు గూడి చేసిన పరీక్షతో సంశయము తీఱినది. పిమ్మట వాయువును మఱీ తగ్గించుటవలన వేఱొక కీడు పుట్టినదనియు, సరియైన కొలతకై ఆ తరువాత దశాబ్దముల కొలది పరీక్షలు జరిగినవనియు చెప్పకున్న న్యాయము కాదు. జాలి యొక్కటియే బిడ్డను రక్షింపజాలదని చెప్పుటకే యీ కథ నెత్తితిని. మన యిండ్లలోని అవ్వలు, అమ్మలు, విద్యావంతులైన తండ్రులు ఆ దాదులవంటివారే.

"సరే, ఆ పరీక్షలేవో పరదేశములలో జరుగనిండు, తేలిన ఫలితమును మనము తెప్పించుకొందము" అనువారు కొందఱు గలరు. పొయ్యిదగ్గఱకు రాక పంక్తిలో మాత్రము ముందుగా కూర్చుండువాని మాట యిది. ఇట్లు మాటలాడువారు తఱచుగా యెల్లాప్రగడ సుబ్బారావుగారి పటమునకు పూలమాల వేయువారే యగుటచే ఆ మహనీయుని కథనే వారికి జ్ఞప్తి చేయవలసియున్నది.

సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. వారి సోదరు లిద్దఱు స్ప్రూ యను గ్రహణివంటి వ్యాధితో స్వల్పకాలములోనే మరణించిరి. చెన్నపట్టణపు వైద్యకళాశాలలో చదువునప్పుడు ఖద్దరు ధరించిన కారణమున ఆంగ్లేయుడగు ఆచార్యుని యాగ్రహమునకు గుఱియై, పూర్తి పట్టమునకు బదులు తక్కువ పట్టముతో బయటికి వచ్చిరి. బోస్టను చేరి హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ యను మందుల సంస్థలో ప్రవేశించి పరిశోధనశాలను నడపిరి. ఆ పరిశోధనశాలలో 1945లో ఫోలికామ్లము కృత్రిమముగా తయారైనది. సోదరుల ప్రాణములు తీసిన వ్యాధికి మందు అదియే. కథ యింతటితో ముగిసిన, పూలమాలకు చాలును. కాని ముగియలేదు.

బోస్టను శిశువైద్యశాలలో సిడ్నీ ఫార్బరు అను శాస్త్రజ్ఞు డుండెను. లుకేమియా యనెడి రక్తపు కేన్సరు వచ్చిన పిల్లలకు ఆ దినములలో చికిత్స యనునదియే లేదు; వారములలోనో, కొలది నెలలలోనో మరణము. ఫోలికామ్లమునకు చుట్టములైన పదార్థములను అట్టి పిల్లలకు ఇచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మాఱుగా వేగముగా పెరుగుచున్నట్లు ఫార్బరునకు గానవచ్చెను. చదువరులారా, ఇచ్చట నొక నిమిష మాగుడు. ఇది వైఫల్యము. మన వంటింటిలోనైన ఇది ఎవరికిని దెలియకయే పోయెడిది. "ఆయువు తీఱినది" అనుకొని యుందుము. అక్కడ ఆ వైఫల్యమును వ్రాసిపెట్టిరి. వ్రాసిపెట్టినందున, ఫోలికామ్లము వ్యాధిని పెంచినచో దానికి విరోధియైన పదార్థము వ్యాధిని అణచునేమో యను ఊహ పుట్టినది. సుబ్బారావుగారి పరిశోధనశాలనుండి అమినాప్టెరిన్ అను విరోధిపదార్థము వచ్చెను. 1947 డిసెంబరు మొదలు దానిని ఇచ్చి చూచిరి. 16 మంది పిల్లలలో 10 మందికి గుణము గనబడినట్లు 1948 జూనులో ప్రకటించిరి. ఆ గుణము కొన్ని నెలలది మాత్రమే. ఆ సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారును మరణించిరి. నేడు సంపన్నదేశములలో, పిల్లలలో ఎక్కువగా వచ్చు రకపు లుకేమియాకు గుఱియైనవారిలో నూటికి సుమారు 90 మంది బ్రతుకుచున్నారు. అమినాప్టెరినునకు తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని ఆ చికిత్సలో నున్నది. నెల్లూరి స్టేషనులో రైలెక్కి చెన్నపట్టణమునకు పోయి లుకేమియాకు చికిత్స పొందు మన బిడ్డలకు లభించునదియు ఆ మందే.

ఆ పదునాఱుగురు పిల్లల తల్లిదండ్రులు "మా బిడ్డతో నేల?" అని పెట్టెలు సర్దుకొని పోయి యుండిన సుబ్బారావుగారి పదార్థము సీసాలోనే యుండెడిది. తెలుగువాని బుద్ధి మాకు గర్వకారణమనుటకు సిద్ధముగా నున్నాము. ఆ బుద్ధికి ఫలమిచ్చిన పరాయి బిడ్డల ఋణమును గుఱించి మాత్రము తలపము.

అదియును గాక, పరదేశమున తేలిన ఫలితము మన బిడ్డకు అట్లే పనికివచ్చునన్న నమ్మకము లేదు. పసిపిల్లలకు వాంతులను, విరేచనములను గలిగించు రోటావైరసునకు టీకాలున్నవి. సంపన్నదేశములలో అవి తీవ్రవ్యాధిని నూటికి 85 పాళ్లకు పైగా నివారించినవి. బీదదేశములలో అంతగా పనిచేయలేదు. కావున హైదరాబాదు సంస్థయగు భారత్ బయోటెక్ తయారుచేసిన టీకాను ఢిల్లీ, పుణె, వేలూరు ప్రాంతములలో 6,799 మంది శిశువులతో పరీక్షించిరి. సగముకంటె కొంచె మెక్కువ రక్షణ గలిగినట్లు తేలినది. తక్కువయే; కాని ఎంత తక్కువయో తెలిసినది. 2016లో దేశమున మొట్టమొదట రోటావైరసు టీకాను ఉచితముగా పంచిపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. వేలూరి తల్లులు ఒప్పుకొనినందున మైపాడు తల్లులకు ఆ టీకా లభించినది.

ఇక శిక్షణమును గుఱించి. మంచముచుట్టు పదిమంది కుఱ్ఱవైద్యులు చేరగానే మన యవ్వ పైటకొంగుతో బిడ్డను గప్పును. "వీరు నేర్చుకొనుటకు నా మనుమడే దొరకెనా?" అని గొణుగును. అడుగకయే బిడ్డ గుడ్డ లెత్తి చూచువారిపై ఆమె కోపము న్యాయమైనదే. పిల్లవానిని పాఠ్యపుస్తకపు పుటవలె త్రిప్పు వైద్యుని నేను సమర్థింపను. కాని నేర్పని చోట నేర్చిన వైద్యుడు ఎక్కడనుండి వచ్చును? సుశ్రుతుడు సూత్రస్థానమున యోగ్యాసూత్రీయమని యొక యధ్యాయమునే వ్రాసెను. కోతలను మొదట గుమ్మడి, సొఱ, దోస మున్నగు కాయలమీద అభ్యసింపవలెననియు, శాస్త్రమంతయు వచ్చినను చేతికి అభ్యాసము లేనివాడు పనికి తగడనియు అందు గలదు. గ్రంథము మాత్రమే చదివినవాడు రోగియెదుట, యుద్ధమున పిఱికివానివలె, దిక్కుతోచక నిలుచునని మఱియొకచోట అనెను. మన ఆయుర్వేదమున కౌమారభృత్యము ఎనిమిది యంగములలో నొకటి యని గొప్పలు చెప్పుకొనువారు ఈ యధ్యాయమును గూడ చదివిన బాగుండును. పుట్టగానే ఊపిరి తీయని శిశువునకు మొదటి నిమిషములోనే ముసుగుబెట్టి సంచితో గాలి పట్టవలయును. ఈ పనిని నేడు దాదులకు రబ్బరు బొమ్మమీద మాటిమాటికి చేయించి నేర్పుచున్నారు. సుశ్రుతుని గుమ్మడికాయయే నేడు బొమ్మ యయినది. ఆ నిమిషమున దాది చేయి వణకకుండుటకు ఆమె నేర్చుకొనిన రోజు లెన్ని, నేర్పినవా రెవరు అనునదే ప్రశ్న. గోడకు చలువరాయి పఱచితిరా లేదా యనునది ప్రశ్న కాదు.

ఇంతవఱకు చదివిన వైద్యమిత్రులు సంతోషించుచుందురు. వారికిని చెప్పవలసినది కలదు. అది వారితోపాటు నా వృత్తివారికిని తగులును. ఆస్పత్రిగోడల నడుమ జరుగు పరిశోధనమువలననే గాక, బడిలో జరిగినదానివలనను జనుల నమ్మకము చెడినది. 2009లో నాటి ఆంధ్రప్రదేశమందలి ఖమ్మము జిల్లాలో పాత్ అను అమెరికా సంస్థ, భారతీయ వైద్యపరిశోధన మండలితోను రాష్ట్రప్రభుత్వముతోను గలిసి, గర్భాశయముఖపు కేన్సరును నివారించు టీకాను 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు సుమారు 14,000 మందికి వేయించెను. వారిలో పలువురు వసతిగృహములలో నుండి చదువుకొనుచున్న గిరిజన బాలికలు. కొందఱు బాలికలు ఆ కాలమున మరణింపగా అలజడి పుట్టి, 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకాయు మంచిదే, పెక్కు దేశములలో ఆ కేన్సరును తగ్గించినది. కాని విచారణసంఘము పరిశీలించిన 9,543 సమ్మతిపత్రములలో 1,948 పత్రములమీద వేలిముద్రలు మాత్రమే యుండెను. 2,763 పత్రములమీద తల్లి సంతకము లేదు, తండ్రి సంతకము లేదు. వసతిగృహపు అధికారుల సంతకము లుండెను. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తన నివేదికలో దీనిని తీవ్రముగా ఖండించెను.

వసతిగృహపు అధికారు లనగా ఎవరు? బడిలోనివారము. పిల్లల హాజరు పలికి, అన్నము పెట్టించి, పరీక్షలకు రుసుము కట్టించువారము. ఆ యధికారముతోనే వారి శరీరములను గుఱించియు మేమే ఒప్పుకొనవచ్చుననుకొంటిమి. తల్లి కొండమీది పల్లెలో నున్నది, ఆమెకు చదువు రాదు, కబురంపిన రెండు దినములు పట్టును, పైనుండి తొందర వచ్చినది, కలమెత్తి వ్రాసితిమి. టీకా మంచిదైనంత మాత్రమున ఈ పని మంచిది కాదు. మంచి టీకాను ఇట్లు వేసినందున, దానిని గుఱించి చెప్పబోయినవానిని జనులు ఏండ్లతరబడి అనుమానముగా చూచిరి.

ఇంతకంటె కఠినముగా ఖమ్మమువారిని నిందింపజాలను, కారణము చెప్పెదను. మూడేండ్ల క్రిందట ఒక రాత్రి మైపాడు దగ్గఱి యొక పట్టపుపాలెమునుండి మా బడిలో చదువు బాలికయు, ఆమె తల్లియు, జ్వరముతో ఫిట్లు వచ్చిన పసివానిని భుజాన వేసికొని మా యింటికి వచ్చిరి. తండ్రి వేటకు పోయి సముద్రముమీద నుండెను. నేనును వెంట బోయి బిడ్డను ఒక పెద్ద యాస్పత్రిలో చేర్పించితిని. దాని పేరు చెప్పను. అచ్చటి గుమాస్తా రెండు కాగితములు తెచ్చి తల్లియెదుట పెట్టెను. మొదటిది చికిత్సకు. రెండవది, బిడ్డ నెత్తురును కొంచె మధికముగా తీసి యొక పరిశోధనమునకు నిలువచేయుటకు. రెండును ఇంగ్లీషున నుండెను. తల్లి వేలిముద్రలు వేసెను. "సాక్షి చేవ్రాలు" అనుచోట గుమాస్తా నాకు కలమిచ్చెను. నేను ఇంగ్లీషు చదివినవాడను. రెండవ కాగితమును పైనుండి క్రిందివఱకు చదివితిని. పరిశోధనమున చేరుట తల్లి యిష్టమనియు, చేరకున్నను చికిత్సకు లోపము రాదనియు అందు స్పష్టముగా నుండెను. ఆ వాక్యమును చదివియు ఆమెకు చెప్పక చేవ్రాలు చేసితిని. రాత్రి పదకొండు గంటలయినది, గుమాస్తా నిలుచుండెను, బిడ్డ మూలుగుచుండెను. కారణము లివి. ఇవి కారణములు కావనియు నాకు దెలియును.

బిడ్డ బాగుపడెను. పదిదినముల తరువాత ఆ తల్లి మా బడి గేటువద్ద నిలిచి యడిగెను. "అయివోరా, ఆ రెండో కాయితంలో ఏం రాసుండాది? ముద్ర ఎయ్యకపోతే బిడ్డను చూడరేమోనని ఏసేసినా." నేను చెప్పితిని. ఆమె కోపపడలేదు. "ఆ పొద్దే చెప్పుంటే ఏమయ్యేది?" అని మాత్రము అనెను.

మన చట్టము ఈ విషయమున మూగది కాదు. 2019లో వచ్చిన క్రొత్తమందుల పరీక్షల నియమములను బట్టి సమ్మతిని అడుగువాడు రోగికి దెలిసిన భాషలో అడుగవలయును. చదువురానివారైనచో వారితో జరుగు సంభాషణ మంతయు నిష్పక్షపాతియగు సాక్షి యెదుట జరిగి, ఆ సాక్షి సంతకము చేయవలయును. అనగా సాక్షి, ముద్ర పడినదని చెప్పుటకు గాదు, మాట చెప్పబడినదని చెప్పుటకు. ఏడేండ్లు నిండిన పిల్లవానిని గూడ వాని తెలివికి తగినట్లుగా అడిగి వాని యంగీకారమును పొందవలెనని వైద్యపరిశోధన మండలివారి మార్గసూత్రములలో గలదు. వ్రాత యింత చక్కగా నున్నది. దానిని పాటించు గదిలో మాత్రము తల్లికి కుర్చీ యైనను ఉండదు.

అడిగి తెలిసికొనిన దానిని తిరిగి వచ్చి చెప్పుట మఱియొక బాధ్యత. దీనికి దూరము పోనక్కఱలేదు. త్రాగునీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు బిగిసిపోవు ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశమున మొట్టమొదట 1937లో వర్ణించినది మన నెల్లూరుజిల్లా జనులను పరీక్షించియే. షార్టు, మెక్ రాబర్టు మొదలగు వైద్యులు ఆ సంగతిని ఇంగ్లీషు వైద్యపత్రికలో ప్రకటించిరి. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు మన జిల్లాలోనివే. 1970లో అవి క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. నా తరగతిలో ఉదయగిరి వైపునుండి వచ్చిన పిల్లవా డొకడు నవ్వునప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనును. వాని పండ్లు గోధుమరంగు చారలతో నుండును. పసితనమున, పండ్లు ఇంకను చిగుళ్లలో నేర్పడుచుండగా త్రాగిన నీరు ఆ చారలను వ్రాసినది. వాని ముత్తాతకాలమున ఈ జిల్లాలో వ్రాసిన వ్యాసము ప్రపంచమున వైద్యులు ఉదాహరించునదయ్యెను. ఆ నీరు ఏమి చేయునో ఆ పిల్లవానికిగాని, వాని తల్లికిగాని ఎవరును చెప్పలేదు. నన్ను అడిగినప్పుడు నేను పుస్తకము చూచి చెప్పితిని. పరిశోధకుడు వచ్చి, చూచి, కొలిచి, పోవుచున్నాడు. నిలిచి చెప్పుటకు అతనికి ఇచ్చట ఇల్లు లేదు.

శిశువైద్యశాలను పరిశోధనకును బోధనకును స్థానముగా జేయవలెనని నేననుటకు ముఖ్యకారణ మిదియే. నెల్లూరిలో ప్రభుత్వ వైద్యకళాశాల 2014లో వచ్చినది. అయినను బిడ్డకు కఠినమైన జబ్బు వచ్చిన మన కండ్లు ఎగ్మూరు శిశువైద్యశాలవైపే తిరుగును. అది చెన్నపట్టణపు వైద్యకళాశాలకు చేరిన బోధనాలయమని ఎందఱికి దెలియును? అచ్చట నిలువ నీడ దొరకక వరండాలో పడుకొను మన తల్లులు, ఏ పరిశోధనమునకు, ఏ శిక్షణకు వెఱచి యిచ్చటి పెద్దాసుపత్రిని మానిరో, దానికొఱకే నూటయెనుబది కిలోమీటర్లు పోయితిమని యెఱుగరు.

మన దాతల తీరు వేఱు. గదికొక చలువరాతి ఫలకము, ఫలకముమీద తండ్రిగారి పేరు, తాతగారి పేరు. మంచములకు ఇత్తురు, ఆ మంచముప్రక్క రాత్రి మేలుకొని యుండవలసిన దాదికి రెండేండ్ల శిక్షణకు ఇమ్మన్న, "అందు మా పేరెక్కడ వ్రాయుదురు?" అని యడుగుదురు. హైదరాబాదులో నీలోఫరు రాజకుమారి తన పరిచారిక 1949లో ప్రసవకాలమున మరణింపగా దుఃఖించి, స్త్రీలకును శిశువులకును ఆస్పత్రి కట్టించుటకు పూనుకొనెను. 1953లో తెఱచిన ఆ యాస్పత్రి ఉస్మానియా వైద్యకళాశాల విద్యార్థులకు బడి యయ్యెను. రాజకుమారి పేరు గోడమీదను గలదు. అచ్చట నేర్చినవారి చేతులలోను గలదు. మన జిల్లాలో వరిపొలములమీదను, రొయ్యలగుంటలమీదను ఆర్జించినవారు ఒక్కొక్క దాదిని చదివింపలేరా? సమ్మతిపత్రమును తల్లికి చదివి చెప్పుటకు ఆస్పత్రితో సంబంధములేని యొక చదువుకొన్న స్త్రీని జీతమిచ్చి నిలుపలేరా? ఈ పత్రికను చదువు గృహిణులలో పలువురు ఆ పనిని జీతము లేకయే చేయగలవారు. వారమునకు రెండు పూటలు చాలును.

భాష సంగతి యొకటి మిగిలినది. సమ్మతిపత్రములు తెలుగున నుండవలెనన్న, తెలుగనిపించు నేదో యొకటి అచ్చొత్తించుచున్నారు. ఈ వ్యాసపు భాషలో వాటిని వ్రాయుమని నేననను. సంస్కృతము చదివిన పాపమున నాకు ఈ ధోరణి అలవడినది. కాని తల్లి బిడ్డను ఒడిలో పెట్టుకొని వినవలసిన కాగితము వేఱు.

పోయిన మాఘమాసమున ఆ పట్టపుపాలెపు తల్లి పిల్లవానిని తిరిగి చూపించుటకు అదే యాస్పత్రికి పోవుచు నన్ను రమ్మనెను. ఈసారి పత్రము తెలుగున నుండెను. నేను చేయి చాపక మునుపే తల్లి దానిని కూతున కిచ్చెను. ఏడవ తరగతి బాలిక, బాగుగా చదువును. మూడవ పంక్తిలో "యాదృచ్ఛికీకరణము" అనుచోట నిలిచిపోయి నా మొగము చూచెను. "అదేందంటమ్మా?" అని తల్లి. చీట్లు వేసి ఏ బిడ్డకు ఏ మందు రావలయునో నిర్ణయించుట యని చెప్పితిని. "చీట్లేసేదాన్ని చీట్లేస్తామని రాయొచ్చుగదా" అనెను. అంతట అడుగనారంభించెను. పాత మందు వచ్చిన బిడ్డకు నష్టమేమి? మధ్యలో వద్దన్న మానిపింతురా? నెత్తురు ఎన్నిమాఱులు తీయుదురు? వైద్యురాలు చిన్నది, మొదట గడియారమువైపు చూచెను, పిమ్మట స్టూలు లాగుకొని కూర్చుండి ఒక్కొక్కదానికి బదులు చెప్పెను. అంతయు విని తల్లి, "ఇంటాయన తెల్లార్తో ఒడ్డుకొస్తాడు. ఆయనకు చెప్పి రేపు చెప్తాను" అనెను. వైద్యురాలు కాగితమును మడిచి, పైన రేపటి తేదీ వ్రాసి, సొరుగులో పెట్టెను.